పరిణామాన్ని కళ్లతో చూడాలంటే పత్తి చేనుకు రండి

"జీవపరిణామానికి లక్షల ఏళ్లు పడుతుందంటారు కదా, మనిషి తన జీవితకాలంలో దాన్ని చూడగలడా?" అని ఒకరు అడిగారు. చూడగలడు. పత్తి పండించే ఊళ్లలో చాలామంది చూశారు కూడా.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. కాయతొలిచే పురుగును చంపే విషం మొక్కలోనే తయారవుతుంది. 2006లో రెండు విషాలున్న బీటీ పత్తి, బీజీ-2, వచ్చింది. ఇక పురుగు టెన్షన్ తీరిందనుకున్నారు మావాళ్లు. కొన్నేళ్లకు ఒక నవంబరులో మా చిన్నాయన చేనులోంచి కాయలు తెంపుకొచ్చి అరుగు మీద పోశాడు. పైకి నిగనిగలాడుతున్నాయి. చీల్చి చూస్తే దూది పసుపుపచ్చగా ముద్దకట్టి ఉంది, గింజను తొలుచుకుంటూ గులాబీ రంగు పురుగు. పిల్లపురుగుగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, దూరిన చోటు పూడుకుపోతుంది. అందుకే బయటికి తెలియదు. ఇంకో కాయ చీల్చాడు, ఇంకోటి. అన్నీ అంతే.

"పురుగు మందుకు అలవాటు పడింది" అన్నారు ఊళ్లో. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పురుగూ అలవాటు పడలేదు. విషం తిన్నవి తిన్నట్టే చచ్చాయి. లక్షల్లో ఏ కొన్నింటికో ఆ విషం పనిచేయని తేడా పుట్టుకతోనే ఉంది. అవి మిగిలాయి, వాటిలో అవే జతకట్టాయి, నెల తిరిగేసరికల్లా మరో తరం. ప్రకృతి వరణం అంటే ఇదే. అలవాటు అనుకోబట్టే మందుల షాపువాడు రెండు మూడు డబ్బాలు కలిపి కొట్టమంటాడు. పురుగు కాయ లోపల కూర్చుంటే పైన కొట్టింది దానికి తగిలేదెక్కడ?

450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. అక్కడ విషానికి లొంగే పురుగులు బతికి, లొంగనివాటితో జతకడితే పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం మళ్లీ బీటీకి చస్తాయి. ఈ సంగతి ఎవరు చెప్పారు రైతుకు? మా ఊళ్లో ఆ పొట్లాలు గట్ల మీదే పడి ఉండేవి. కాయతొలిచేవాటిలో ఇంకో రకమైన శనగపచ్చ పురుగు కందిని, శనగను, మిరపను కూడా తింటుంది కాబట్టి లొంగే పురుగులకు అక్కడ చోటు దొరికింది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. మొదట తట్టుకున్నది అదే కావడంలో వింతేమీ లేదు.

ఇంత జరిగాక 2023లో, కేంద్రం తరఫున బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగాన్నే తీసేసింది. పత్తి రైతుల పిల్లల్లో చాలామంది చదువు పదితోనే ఆగిపోతుందని వాళ్లకు తెలియదా?

మేమిప్పుడు డిసెంబరు దాటకుండా పత్తి కట్టె పీకేస్తున్నాం, పురుగుకు తర్వాతి తరం దక్కకుండా. పక్క చేను వాళ్లు నీళ్లున్నాయని మార్చి దాకా ఉంచుతారు. అక్కడి రెక్కల పురుగులకు మా గట్టు అడ్డం కాదు కదా. ఊరంతా ఒకేసారి పీకాలని ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నాం.