కొనుగోలుదారుల ప్రశ్నలు: సరుకు ఏ ఊరిది, అమ్మేవారు ఎవరు?

ప్రశ్న: మేము పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మా అమ్మాయి ఓణీల వేడుక కోసం సోషల్ మీడియాలో ఒక పేజీ చూసి, ధర్మవరం పట్టు చీరకు రూ. 4,850 ముందుగానే చెల్లించాను. ‘బెంగళూరు నుంచి 2 రోజుల్లో మీ ఇంటికి’ అని పేజీ పైనే రాసి ఉంది. పార్సెల్ తొమ్మిదో రోజున వచ్చింది. పంపినవారి చిరునామా సూరత్‌ది. చీర పట్టుది కాదని చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతోంది. అడిగితే ‘మా ఆఫీసు బెంగళూరులోనే ఉంది, గోడౌన్ మాత్రమే అక్కడ’ అంటున్నారు. దీన్ని ముందే పసిగట్టే మార్గం ఉందా? ఇప్పుడు నేనేమి చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, వారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉండే అవకాశం లేకపోలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి వస్తువు వెనుక సాధారణంగా మూడు ఊళ్లు ఉంటాయి: వ్యాపారం నమోదైన ఊరు, సరుకు బయలుదేరే ఊరు, సరుకు తయారైన ఊరు. సూరత్ వ్యాపారి బెంగళూరు శివార్లలోని హోస్కోటెలోనో నెలమంగలలోనో గిడ్డంగిలో సరుకు ఉంచి అక్కడి నుంచి పంపించడం మామూలే, అందులో తప్పేమీ లేదు. మీకు అమ్మినవారు మాత్రం కొనేవారికి నమ్మకం కలిగించే రెండు ఊళ్ల పేర్లు, అంటే బెంగళూరునూ ధర్మవరాన్నీ, పైకి చూపి అసలు ఊరిని పార్సెల్ మీది చీటీ దాకా దాచారు.

కాబట్టి పేజీ మీద రాసిన ఊరిని పక్కన పెట్టి, అమ్మేవారి జీఎస్‌టీ నంబరుతో మొదలుపెట్టండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, గుజరాత్‌కు 24. ఆ తరువాతి పది స్థానాల్లో ఉండేది వ్యాపారి పాన్ నంబరు. జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నంబరు కొట్టి చూస్తే చట్టబద్ధమైన పేరు, వ్యాపార నామం, నమోదైన తేదీ, రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉన్నదా లేక రద్దయిందా అన్నది కనిపిస్తాయి. ఇతరుల నంబరును తెచ్చి తమ పేజీలో పెట్టుకునేవారు ఉన్నారు కనుక, నంబరు సరైనదే అని తేలినంత మాత్రాన సరిపెట్టుకోకుండా, అక్కడ కనిపించే పేరూ మీరు డబ్బు పంపబోయే యూపీఐ ఖాతా పేరూ కలుస్తున్నాయా అని చూడాలి. నా అనుభవంలో మోసం ఎక్కువగా బయటపడేది ఈ పేర్లు కలవకపోవడంలోనే.

నంబరు 29తో మొదలైతే వ్యాపారి బెంగళూరువాడే అని తేల్చుకోకూడదు. గిడ్డంగి ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ విడిగా రిజిస్ట్రేషన్ తీసుకుంటారు. పోర్టల్‌లో పాన్ నంబరుతో వెతికితే అదే వ్యాపారికి వేరే రాష్ట్రాల్లో ఉన్న రిజిస్ట్రేషన్లు కూడా వరుసగా కనిపిస్తాయి. ఇక బిల్లు చేతికి వచ్చాక పన్ను ఏ పేరుతో వేశారో చూడండి. కర్ణాటకలో నమోదైన వ్యాపారి కర్ణాటకలోని చిరునామాకు పంపితే సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) అని రెండు ముక్కలుగా వేస్తాడు. వేరే రాష్ట్రం నుంచి పంపినవాడు ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) అని ఒకటే వేస్తాడు. ‘మాది బెంగళూరే’ అన్నవారి బిల్లులో ఐజీఎస్‌టీ కనిపిస్తే, ఆ అమ్మకం బయటి రాష్ట్రం నుంచి జరిగిందని వారి కాగితమే ఒప్పుకుంటున్నట్టు. అసలు బిల్లే ఇవ్వనివారి సంగతి చెప్పనక్కరలేదు. జీఎస్‌టీ లేని ప్రతివాడూ దొంగ కాదు; చిన్న వ్యాపారులకు కర్ణాటకలో ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకాల దాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. అటువంటివారి దగ్గర కొనేటప్పుడు కనీసం వీడియో కాల్‌లో దుకాణం గుమ్మం, చీర వెనుక వైపు చూపించమని అడగండి. నిజంగా చీర తమ దగ్గర ఉన్నవారికి అది రెండు నిమిషాల పని.

పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. వస్తువు పేజీలో మీ బెంగళూరు పిన్‌కోడ్ పెట్టి వచ్చే తేదీని చూసుకోండి. ఆ తరువాత సూరత్ పిన్‌కోడ్ పెట్టి చూడండి. 560తో మొదలయ్యే కోడ్‌కు ఎనిమిది రోజులూ 395తో మొదలయ్యే కోడ్‌కు రెండు రోజులూ చూపిస్తుంటే, సరుకు ఎక్కడ ఉన్నదో మీకు తెలిసిపోయినట్టే. కొరియర్ ట్రాకింగ్‌లో కూడా చివరి వరుసలు కాదు, మొట్టమొదట పార్సెల్‌ను స్వీకరించిన ఊరిని చూడాలి.

మీ చీర విషయంలో ఊరి కంటే ముందు పేరే అనుమానించవలసింది. ఇలాంటి పేజీల్లో ‘ధర్మవరం ఆర్ట్ సిల్క్’ అనో ‘సాఫ్ట్ సిల్క్’ అనో రాస్తారు. ఆర్ట్ అనగానే కళ అనుకుంటాము గాని, ఇక్కడ ఆ మాటకు అర్థం కృత్రిమం. ధర్మవరం చేనేత పట్టు చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది; ఆ పేరును మరమగ్గం మీద నేసిన పాలిస్టర్‌కు తగిలించడం చట్టరీత్యా తప్పు. సూరత్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆ ఊరు కృత్రిమ దారపు చీరలను ఆ పేరుతోనే, ఆ ధరకే దేశమంతటికీ అమ్ముతోంది, మన ఇళ్లలో రోజువారీ కట్టే చీరల్లో సగం అక్కడివే అయి ఉంటాయి. సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది అసలు పట్టు అన్నంతవరకే హామీ, ఎక్కడ నేశారో చెప్పదు. అనుమానం తీరాలంటే కొంగు చివరి నుంచి ఒక్క పోగు తీసి వెలిగించండి: పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

ఇప్పుడు చేయవలసినది. పార్సెల్ కవరు, దాని మీది చీటీ, పేజీ స్క్రీన్‌షాట్లు, చెల్లింపు రుజువు జాగ్రత్త చేయండి. పేజీని మీరు ప్రశ్నించిన మరునాడే అందులోని ‘బెంగళూరు’ మాయం కావచ్చు కనుక స్క్రీన్‌షాట్లు ఇవాళే తీయండి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవారి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. ముందు వారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం వచ్చాక మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు; సూరత్ దాకా వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు.

ప్రశ్న: ధర రూపాయల్లో, చిరునామా చివర ‘డాట్ ఇన్’, పైన మన జెండా బొమ్మ ఉన్న ఒక వెబ్‌సైట్‌లో చిన్న ప్రొజెక్టర్ కొన్నాను. ట్రాకింగ్ నంబరు చివర సీఎన్ అని ఉంది. దీని అర్థమేమిటి?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: మీ పార్సెల్ చైనా తపాలా ద్వారా బయలుదేరింది. అంతర్జాతీయ తపాలా పద్ధతిలో ట్రాకింగ్ నంబరు 13 స్థానాలది. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశపు సంకేతం. మన తపాలా శాఖ పంపితే చివర ఐఎన్ ఉంటుంది. ‘డాట్ ఇన్’ పేరును ఏ దేశంవారైనా కొనుక్కోవచ్చు, ధరను రూపాయల్లో చూపించడం ఒక్క సెట్టింగ్‌తో అయ్యే పని, జెండా బొమ్మ సంగతి వేరే చెప్పాలా!

ఇటువంటి సైట్లలో నేను ముందుగా చదివేది వాపసు నిబంధనలు. అమ్మకం పేజీలో దాచిన దేశం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది: ‘వాపసు ఖర్చు కొనుగోలుదారుదే’ అని రాసి, చిరునామా మాత్రం ఈమెయిల్ చేస్తేనే చెబుతాం అంటారు. రెండువేల రూపాయల వస్తువును చైనాకు తిరిగి పంపడం మీకు గిట్టుబాటు కాదని వారికి బాగా తెలుసు. డెలివరీ గడువు ‘12 నుంచి 20 పనిదినాలు’ అని ఉంటే అది ఊళ్ల మధ్య దూరం కాదు, దేశాల మధ్య దూరం. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఎప్పుడు నమోదైందో హూయీజ్ (WHOIS) సేవలో వెతికితే తెలుస్తుంది. ‘పదేళ్ల నమ్మకం’ అని రాసుకున్న సైటు పుట్టి మూడు నెలలే అయి ఉండటం నేను చూశాను. బ్యాంకు యాప్‌లో మీ కార్డుకు అంతర్జాతీయ చెల్లింపులను ఎప్పుడూ ఆపి ఉంచండి. చెల్లింపు తిరస్కరణకు గురైతే డబ్బు మన దేశం దాటి వెళ్లబోయిందేమోనని ఆలోచించే అవకాశం మీకు దొరుకుతుంది.

కస్టమ్స్ సుంకం పడితే చెల్లించవలసినది మీరే. అయితే దానికోసం ఫోన్‌కు లింకు వస్తే నొక్కకండి. తపాలా శాఖ ట్రాకింగ్‌లో చూసుకుని, పార్సెల్ ఇచ్చే పోస్టాఫీసులోనే అడగండి.

ప్రశ్న: పార్సెల్ అందలేదు గాని ‘డెలివరీ అయింది’ అని చూపిస్తోంది. అమ్మినవారు ట్రాకింగే రుజువు అంటున్నారు.
– మరొక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అదే పిన్‌కోడ్‌లోని వేరే ఇంటికి ఒక ఖాళీ కవరు పంపి, ఆ నంబరును మీకు చూపించే పద్ధతి ఒకటి ఉంది. కొరియర్ సంస్థను డెలివరీ రుజువు అడగండి: ఏ ఇంటికి ఇచ్చారు, ఎవరు సంతకం చేశారు, నమోదైన బరువెంత. మిక్సీ కొన్నవారి పార్సెల్ బరువు 50 గ్రాములని అందులో ఉంటే ఇక వాదించవలసినది ఏమీ ఉండదు. ఆ రుజువును చెల్లింపు జరిగిన బ్యాంకుకూ ప్లాట్‌ఫామ్‌కూ అదే రోజు పంపండి. మోసంలో డబ్బు పోయినట్టు తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి చెప్పండి; మొదటి కొన్ని గంటల్లో చెబితే ఆ మొత్తాన్ని అవతలి ఖాతాలో నిలిపివేయగలిగే అవకాశం ఎక్కువ.