సంతకం దగ్గరే ఆగిపోకు, సాహితీ

సాహితీ,

ఉద్యోగం మానేసి నాగార్జున యూనివర్సిటీలో ఎల్.ఎల్.ఎం. చేస్తావని, ఏఐ వచ్చాక ప్రైవసీ చట్టం ఎలా మారాలో థీసిస్ రాసి ఢిల్లీకి కూడా పంపుతావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్. నాకు గర్వంగా ఉంది, దాని వెనకాలే భయం కూడా ఉంది, అందుకే రాస్తున్నాను.

ప్రైవసీ ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు పూర్తిగా చదువు. 2023 డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో వచ్చిన రూల్స్ పక్కపక్కన పెట్టుకో. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు కాబట్టి సవరణలు అడగడానికి ఇదే అదను. ఇవన్నీ నీకు తెలిసినవే. కోర్టు హాల్లో ఏం జరుగుతుందో మాత్రం నువ్వింకా చూడలేదు.

నేను బెజవాడ కోర్టులో జూనియర్‌గా ఉన్నప్పుడు గుంటూరు నుంచి ఒకావిడ మా సీనియర్ గారి దగ్గరికి వచ్చింది. మిర్చి గోడౌన్‌లో తొడిమలు తీసే పని. దగ్గు తగ్గక ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంటే టీబీ అని తేలింది. రిపోర్టు ఆవిడ చేతికి వచ్చేలోపే సంగతి గోడౌన్ మేస్త్రీకి చేరింది, మర్నాడే పని పోయింది. మందులు వాడి నయమయ్యాక కూడా ఎవరూ పిలవలేదు. సీనియర్ గారు పైసా తీసుకోకుండా దావా వేశారు. చాలా మంచి మనిషి, కానీ కేసు మొత్తాన్ని ఒక్క సంతకం మీద నిలబెట్టారు. ల్యాబ్ ఫారం అడుగున, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, వివరాలు అవసరమైనవారికి ఇవ్వడానికి సమ్మతిస్తున్నానని ఉంది. చదువురాని మనిషి చేత పెట్టించారు కాబట్టి చెల్లదన్నది మా వాదన. పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ మార్కు పక్కన ఆవిడ పేరు, వంకరటింకరగా, చివరి అక్షరం గీత దాటిపోయి. ఈ సంతకం మీదేనా అని అవతలి లాయరు అడిగాడు. "ఇక్కడ పెట్టమన్నారండీ, పెట్టాను" అంది. పేరు రాయడం వచ్చు కదా, అర్థం కాకపోతే అడగొచ్చు కదా అని అతను అక్కడే పట్టుకున్నాడు. కేసు పోయింది. మేస్త్రీకి ఆ రిపోర్టుతో పనేమిటి, ల్యాబ్ ఎందుకిచ్చింది, నయమైన మనిషిని పనిలోకి రానివ్వకూడదని ఎవరు తేల్చారు, ఇందులో ఒక్క ప్రశ్న కూడా రికార్డులోకి ఎక్కలేదు. బయటికొచ్చాక ఆవిడ తన ఫారం కాపీ నా చేతిలో పెట్టి, "ఇంక నాకెందుకమ్మా" అని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

మీ నాన్న పంపిన నీ డ్రాఫ్ట్ చూశాను. సగం పైగా సమ్మతి గురించే! కోపమొచ్చింది తల్లీ. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసు తెలుగులో కూడా దొరకాలని చట్టం చెప్పడం మంచిదే, కానీ తెలుగులో ఉన్నంత మాత్రాన ఆవిడ ఒప్పుకోనని లేచి వెళ్ళగలిగేదా? పైగా ఇప్పుడు ల్యాబ్ నుంచి కాగితం బయటికి రానక్కర్లేదు. ఏ మందులు కొన్నావు, ఎన్ని రోజులు పనికి వెళ్ళలేదు, ఇలాంటి చిన్న చిన్న వివరాలు కలిపి నీకు ఫలానా జబ్బు ఉండొచ్చని మెషినే ఊహిస్తుంది. ఆ ఊహకి నువ్వెప్పుడు సంతకం పెట్టావు? అది తప్పైతే ఎవరిని అడుగుతావు?

నీ థీసిస్ అక్కడ మొదలవ్వాలి. ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా సరిగ్గా, పూర్తిగా ఉండేలా చూడాలని మన చట్టం సెక్షన్ 8(3) అంటోంది. దాన్ని గట్టిగా పట్టుకో, మెషిన్ వేసిన అంచనా కూడా అందులోకి వస్తుందని స్పష్టంగా రాయమని అడుగు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆర్టికల్ 22 ఉంది, మనిషి ప్రమేయం లేకుండా మెషినొక్కటే తేల్చేసే పెద్ద నిర్ణయాలకు అది అడ్డం పడుతుంది. మనకలాంటిది లేదు. డేటా తీసేశామంటే కూడా నమ్మకు, దానితో నేర్చుకున్న ఏఐ మోడల్ మిగిలే ఉంటుంది. అమెరికాలో 2021లో ఎవరాల్బమ్ అనే ఫోటోల కంపెనీ చేత అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, ఫోటోలతో పాటు వాటితో తయారైన మోడల్స్ కూడా తీసేయించింది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మన చట్టంలోని సెక్షన్ 3. మనంతట మనం అందరికీ కనిపించేలా పెట్టిన వివరాలకు ఈ చట్టం వర్తించదట. మీ వయసు ఆడపిల్లలు పండక్కి చీర కట్టుకుని ఫోటో పెడితే, దాన్ని ఎవడు పోగేసుకుని ఏ మెషిన్‌కి మేపినా ఈ చట్టం కింద అడగలేం. ఇంటర్నెట్‌లో ముఖాలు ఇష్టమొచ్చినట్టు పోగేసి ఫేషియల్ రికగ్నిషన్ డేటాబేసులు కట్టడాన్ని యూరప్ 2024 ఏఐ చట్టంలో నిషేధించింది. ఇది నువ్వు రాయకపోతే నేనూరుకోను. అన్నట్టు, నీ ఫోటోలు కూడా ఫ్రెండ్స్‌కి మాత్రమే కనిపించేలా మార్చుకో, ఈ రాత్రికే.

ఇంకొకటి, డబ్బు సంగతి. భద్రత సరిగ్గా పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా రాశావు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకి పోతుంది, నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. పరిహారం ఇప్పించే ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 43ఎని కూడా ఈ 2023 చట్టమే తీసేయమంది. గోడౌన్‌లో పని పోయిన ఆవిడ ఈ చట్టం పట్టుకుని వస్తే ఏం దొరుకుతుంది అని ప్రతి చాప్టర్ చివర నువ్వే అడుగు.

వేళకి తిను. చీకటి పడ్డాక గుంటూరు నుంచి ఒక్కదానివే బయల్దేరకు, ఆదివారం పొద్దున్నే రా, రాత్రికి ఇక్కడే పడుకోవచ్చు. డ్రాఫ్ట్ ప్రింట్ తీసి పట్టుకురా. ముందు ఆ 43ఎ చాప్టర్ చూద్దాం.

మీ అత్త