బాయ్‌కాట్ ఎవరు?

ప్రశ్న: గుంటూరు కోర్టులో లాయర్లు విధులు బాయ్‌కాట్ చేశారని పేపర్లో చదివాను. ‘బాయ్’ అంటే అబ్బాయి, ‘కాట్’ అంటే మంచం కదా, మరి ఈ అర్థం ఎలా వచ్చిందండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: అబ్బాయికీ మంచానికీ దీంతో సంబంధం లేదమ్మా, అది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ బాయ్‌కాట్ అనే కెప్టెన్ ఐర్లాండ్‌లోని మేయో జిల్లాలో ఒక జమీందారు భూములకు ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోతే ఊరంతా ఒక్కటై ఆయన్ని వెలివేసింది. కూలీలు పొలంలోకి దిగలేదు, అంగళ్లలో సరుకు అమ్మలేదు, ఉత్తరాలు కూడా అందలేదు. చివరికి బయటి నుంచి 50 మంది కూలీలను తెచ్చి, వెయ్యి మంది సైనికుల కాపలాలో దుంపలు తవ్వించారు, దానికైన ఖర్చు పంట విలువకు ఎన్నో రెట్లు! ఆ ఏడాదే ఆయన దేశం విడిచి వెళ్లాడు, పేరు మాత్రం క్రియగా మారి ఫ్రెంచి, జర్మన్ భాషల్లోకీ పాకింది.

మన పల్నాడులోనూ 1921లో అడవి పుల్లరి (పశువులను అడవిలో మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను) మీద తిరగబడిన రైతులు అధికారులకు ఇలాగే సామాజిక బహిష్కారం విధించారు, నాకు ఆ పోరాటమంటే ఎంతో గౌరవం.

ఇక వాడుక. ఊరికే వెళ్లకపోతే బాయ్‌కాట్ కాదు, నిరసనగా మానేస్తేనే అవుతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు దేన్ని బహిష్కరిస్తున్నారో ఆ మాట క్రియ వెనకాలే నేరుగా రావాలి, మధ్యలో ‘టు’, ‘ఫ్రమ్’ పెట్టకండి.