బెంగళూరులో ఫ్రీలాన్సింగ్: రోజుకు ఎనిమిది గంటలు ఉండవు

సందేహం: విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి నాలుగు నెలలైంది. పుస్తకాల కవర్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, చిన్న బ్రాండ్లకు బొమ్మలు చేస్తున్నాను. పొద్దస్తమానం సిస్టమ్ ముందే ఉంటున్నా పని తెమలడం లేదు. ఈమధ్య ఫైలు తెరవబుద్ధే కావట్లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు గంటల లెక్క సరిచేసుకోండి. ఫ్రీలాన్సర్ రోజులో బొమ్మ వేసే గంటలు నాలుగు, మహా అయితే అయిదు. మిగతాదంతా మెయిళ్లకూ కొటేషన్లకూ, ఫైళ్లు పంపడానికీ, రావాల్సిన డబ్బులు అడగడానికీ పోతుంది. రోజుకు నాలుగున్నర గంటల చొప్పున 22 రోజులకు దాదాపు 100 గంటలు. అద్దె, తిండి, ఇంటికి పంపేది కలిపి నెలకు 60,000 కావాలనుకోండి. గంటకు 600 చాలనిపిస్తుంది. కానీ పనుల్లేని వారాలకని పావు వంతు తీసేస్తే మిగిలేవి 75 గంటలే, అంటే గంటకు 800. సాఫ్ట్‌వేర్ చందాలు, పన్ను, కొన్నేళ్లకోసారి మార్చాల్సిన కంప్యూటర్ కూడా వేస్తే 1,000 దగ్గరికి వస్తుంది. అంతకన్నా తక్కువకు ఒప్పుకున్న ప్రతి పనీ మీ నిద్రలోంచి గంటలు లాక్కుంటుంది. ఫైలు తెరవబుద్ధి కాకపోతే బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకోకముందు కొటేషన్ చూసుకోండి.

రెండు వారాలు ప్రతి పనికీ పట్టిన సమయం రాసి పెట్టండి. మొదటి ఫోన్ కాల్ నుంచి ఫైనల్ ఫైలు పంపేదాకా రాయాలి. కవర్‌కు ఆరు గంటలనుకున్నది తొమ్మిదికి తేలుతుంది. కొన్నాళ్లపాటు మీ అంచనాను ఒకటిన్నరతో గుణించే తేదీ చెప్పండి.

తెలుగు పనుల్లో గంటలు ఎక్కువగా కారిపోయేది అక్షరాల దగ్గర. పబ్లిషర్ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్) ఫైలు పంపుతారు, దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లలోనూ వెబ్‌లోనూ వాడే అక్షరాల పద్ధతిలోకి మార్చుకుంటే సున్నాలూ ఒత్తులూ తారుమారవుతాయి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటును అనకండి. కొన్నేళ్ల కిందటి వెర్షనైతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. ఇంకా పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్న పేరుతో ఉంటుంది. ప్రూఫ్ చూసిన యూనికోడ్ మ్యాటర్ చేతికి రాకముందు కవర్ మొదలుపెట్టకండి. శీర్షికలో ఒక మాట పెరిగిందంటే కూర్పు మొత్తం కదులుతుంది.

పని మెట్టు మెట్టుకూ ఆమోదం తీసుకోండి. ముందు అగ్గిపెట్టె సైజులో మూడు చిత్తు బొమ్మలు, తర్వాత గీత, ఆ తర్వాతే రంగు. రెండు సార్ల మార్పులు ధరలోనే, మూడోదానికి విడిగా డబ్బు. రంగు వేశాక 'అమ్మాయిని కుడివైపు పెడదాం' అంటే అది కొత్త పని కిందే లెక్క. సగం అడ్వాన్సు, మిగతా సగం వచ్చాకే అసలు ఫైలు; అంతవరకూ వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు బొమ్మ చాలు. ఈ షరతులు వాట్సాప్‌లోనైనా రాతలో ఉండాలి. 'మనవాళ్లే కదా' అనే క్లయింటుకు ధర తగ్గిస్తే తగ్గించండి, మార్పుల లెక్క మాత్రం సడలించకండి.

డబ్బు ఆగినప్పుడు పని మీద మనసు ఆగుతుంది కాబట్టి చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం, ఏజెంటుకు ఇవ్వాల్సిందేమీ లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించడానికి ఒప్పందంలో రాసుకున్న గడువు ఏదైనా 45 రోజులు దాటకూడదు. రాతలో ఏమీ లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా అడగొచ్చు. పని మొదలుకాకముందే రిజిస్టర్ అయి ఉండటం మంచిది. ఉద్యమ్ నంబరు ఇన్వాయిస్ మీద కనిపిస్తే చాలాసార్లు గొడవ దాకా పోదు. వృత్తి ఫీజులో కంపెనీలు సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాయి, ఆ మేరకు చేతికి తక్కువ వస్తుందని ముందే లెక్కేసుకోండి.

ఇక రోజు సంగతి. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పద్ధతి మెయిళ్లకూ బిల్లులకూ బాగుంటుంది. బొమ్మకు పనికిరాదు, చెయ్యి కుదురుకోవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. పొద్దున ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం ఒకటి, తొంభై నిమిషాల చొప్పున మూడు ముక్కలు కేటాయించండి. ఆ సమయంలో ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. 'ఇంట్లోనే ఉన్నావు కదా' అని పదకొండింటికి ఫోన్ చేసే పిన్నికి సాయంత్రం ఆరింటికి మీరే చేస్తానని చెప్పండి, నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. రాత్రి ఆపేటప్పుడు పనిని సులువైన చోట అసంపూర్ణంగా వదలండి, నేపథ్యంలో ఓ చెట్టుకు రంగు మిగిల్చినట్టు. పొద్దున ఖాళీ తెర ముందు కూర్చునే బాధ తప్పుతుంది.

మారతహళ్లి లాంటి ట్రాఫిక్ ఉన్న చోటు నుంచి సాయంత్రం మీటింగుకు బయలుదేరారంటే సగం పూట పోయినట్టే. బయటి పనులన్నీ వారంలో ఒకే రోజుకు కట్టండి. మెట్రో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం, ఇందిరానగర్, ఎంజీ రోడ్ మీదుగా వెళ్తుంది. స్టేషన్ పక్కన కలుద్దామని మీరే ప్రతిపాదించండి. ఈ ఊళ్లో వేసవి చివరా, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ సాయంత్రం వాన వస్తే కరెంటు పోవచ్చు. రౌటర్‌కు చిన్న యూపీఎస్, వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి, పెద్ద ఫైళ్లు మధ్యాహ్నమే పంపేయండి.

అమెరికా క్లయింటు ఉంటే అక్కడ గడియారాన్ని గంట ముందుకూ, మళ్లీ వెనక్కూ జరిపే తేదీలు గుర్తుంచుకోండి: మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. న్యూయార్క్‌లో ఉదయం 9:30 కాల్ వేసవిలో మనకు రాత్రి 7, చలికాలంలో 8.

పీజీ గదిలో ఒక్కరే రోజుల తరబడి ఉంటే చెయ్యి మొండికేస్తుంది. వారానికో పూట లాల్‌బాగ్‌లో స్కెచ్‌బుక్‌తో కూర్చోండి, లేదా కబ్బన్ పార్కులోని ఎర్ర భవనం, స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. జనవరిలో కుమారకృపా రోడ్డు మీద కర్ణాటక చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతెలో వీధి పొడవునా చిత్రకారులు బొమ్మలు పెట్టి అమ్ముతారు. అక్కడ ధరలు అడిగి చూడండి, మీ కొటేషన్ మీద మీకే గౌరవం పెరుగుతుంది.

ఆ జనవరిలోనే సంక్రాంతి కూడా. పండగ పోస్టర్ల తాకిడి డిసెంబరంతా ఉంటుంది, రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. అంటే నవంబరు మధ్యలో టికెట్ తీసుకుని, 'జనవరి 10 తర్వాత పని తీసుకోను' అని ఆ రోజే క్లయింట్లందరికీ చెప్పేయాలి.