ఫెలోషిప్ రుణం తీర్చుకోడానికి 10 లక్షలు ఒకేసారి ఇచ్చేయాలా?

ప్రశ్న: 2012లో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ స్కాలర్లకి నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, ఆ డబ్బుతోనే పీహెచ్‌డీ పూర్తిచేశా. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్, చేతికి లక్షా 40 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 46 వేలు, మిగతా ఇంటి ఖర్చు 54 వేలు, ఆరేళ్ల పాప. దాచుకున్నది 10 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. అది మా డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసి ఏటా ఒక స్కాలర్‌కి ఫెలోషిప్ పెట్టించాలని ఉంది. ఓకేనా?

జవాబు: ఆలోచన బాగుందండీ, లెక్కే కుదరట్లేదు. అప్పట్లో మీకు నెలకు 16 వేలు వచ్చుంటాయి, 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ 37 వేలు, అంటే ఏడాదికి 4,44,000. మీ 10 లక్షలకి ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా వచ్చేది 65 వేలు, రెండు నెలల స్టైపెండ్‌కి కూడా చాలదు. ఒక్క ఫెలోషిప్ వడ్డీ మీదే నడవాలంటే 68 లక్షల దాకా కావాలి, అదీ స్టైపెండ్ మళ్లీ పెంచనంత వరకే.

పైగా రేపు జాబ్ పోతే ఈఎంఐ ఎవరు కడతారు? నెలకు లక్ష ఖర్చున్న ఇంటికి ఆరు నెలలది, అంటే 6 లక్షలు, కదపకుండా ఉంచాల్సిందే. టర్మ్ ఇన్సూరెన్స్ గురించి మీరు రాయలేదు, లేకపోతే దానమూ ధర్మమూ తర్వాత, ముందు అది తీసుకోండి.

మిగిలిన 4 లక్షల్లో 2 పాప పేరు మీద పక్కన పెట్టి, 2 లక్షలు ఇలా వాడమంటాను. స్కాలర్‌కి అసలు కష్టం స్టైపెండ్ తక్కువై కాదు, టైంకి రాకపోవడం, మూడు నెలలది ఒకేసారి పడేదాకా మెస్ బిల్లు, రూమ్ రెంట్ ఆగవు కదా, ఇది నాకంటే మీకే బాగా తెలుసు. నలుగురికి నెలకు 15 వేల చొప్పున మూడు నెలలు వడ్డీ లేకుండా సర్దితే లక్షా 80 వేలు, ఆగిన స్టైపెండ్ ఖాతాలో పడగానే వాళ్లు తిరిగి కడతారు, అదే డబ్బు తర్వాతి బ్యాచ్‌కి తిరుగుతుంది. ఎవరో ఒకరు ఎగ్గొడతారు లెండి, దానికి ముందే సిద్ధపడండి. దీంతోపాటు నెలకు 5 వేలు ఆర్డీ కట్టండి, ఏడాదికి 60 వేలు పైన వస్తాయి, ఆ గుంటలు పూడ్చుకోవచ్చు, మిగిలితే ఒకరిద్దరికి కాన్ఫరెన్స్ టికెట్లూ ఫీల్డ్‌వర్క్ ఖర్చులూ.

డబ్బు మాత్రం ఏ ఒక్క ప్రొఫెసర్ సొంత ఖాతాలోనూ వేయొద్దు, ఎంత మంచాయనైనా సరే. రిజిస్టరైన పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే దాని ద్వారా, ఎవరికి ఎంత, ఎప్పటికి తిరిగివ్వాలి అన్నది కాగితం మీద పెట్టి చేయండి.

టాక్స్ అంటారా, కొత్త రెజీమ్‌లో ఉంటే విరాళాల మీద పన్ను మినహాయింపు సున్నా. పాత రెజీమ్ అయితే ఆ మినహాయింపుకి గుర్తింపు ఉన్న సంస్థకి విరాళంగా ఇచ్చినదానికే వస్తుంది, మామూలుగా సగానికే, క్యాష్‌లో 2,000 దాటితే అదీ లేదు. స్టూడెంట్‌కి నేరుగా ఇచ్చినదానికి ఏ రెజీమ్‌లోనూ రాదు. ఎఫ్‌డీ మధ్యలో బ్రేక్ చేస్తే పెనాల్టీ ఉంటుంది కాబట్టి మెచ్యూరిటీ దాకా ఆగండి, ఈలోపు ఇప్పుడు చదువుతున్న ముగ్గురు నలుగురు స్కాలర్లకి ఫోన్ చేసి స్టైపెండ్ ఎన్ని నెలలు ఆగుతోందో అడగండి, 2 లక్షలు కావాలా లక్ష చాలా అన్నది అక్కడే తేలుతుంది.