పంటి నొప్పి దానంతట అదే తగ్గిపోయినా రూట్ కెనాల్ చేయించుకోవాలా?

సాధారణంగా చేయించుకోవాలి, లేదంటే పన్ను తీయించుకోవడమే మిగులుతుంది. పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని కణజాలాన్ని పల్ప్ అంటారు. పుచ్చు లోతుగా పాకి బాక్టీరియా అక్కడికి చేరినప్పుడు పల్ప్ వాస్తుంది; చుట్టూ గట్టి గోడలు ఉండటంతో ఆ వాపుకు చోటు దొరకక, నిద్రపట్టనివ్వనంత పోటు వస్తుంది. కొన్నాళ్లకు పోటు ఆగితే నయమైందని చాలామంది పొరబడతారు. నిజానికి నరం చనిపోవడం వల్లనే నొప్పి తెలియకుండా పోయి ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు కొన దాటి దవడ ఎముకలోకి వ్యాపిస్తూనే ఉంటుంది. రక్తప్రసరణ ఆగిన పల్ప్‌లోకి యాంటీబయాటిక్ చేరలేదు కనుక మాత్రలతో ఇది పోదు.

రూట్ కెనాల్ చికిత్సలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్నుకు చిన్న రంధ్రం చేసి, ఫైళ్లు అనే సూదుల్లాంటి సన్నని పరికరాలతో వేరులోని నాళాలను శుభ్రపరచి, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, గట్టపెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో మూసివేస్తారు. దవడ పళ్లలో సాధారణంగా 3 లేదా 4 నాళాలు ఉంటాయి. ఒక్కటి శుభ్రపడకపోయినా ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టవచ్చు, అందుకే ఎక్స్‌రే అడుగడుగునా అవసరమవుతుంది.

దవడ పన్నుకు ఆ తర్వాత క్యాప్ వేయించడం దయచేసి వాయిదా వేయకండి. బలహీనపడిన పన్ను నమిలేటప్పుడు నిలువునా చీలితే చాలాసార్లు పీకేయక తప్పదు. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.