కార్క్ రేవులో కట్టేసిన ఓడలు: చిన్న నౌకాదళం దూరసముద్రంలో ఎంతమందిని కాపాడగలదు?

కార్క్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మీ అన్నయ్య పంపిన ఫోటోలో ఐర్లాండ్ నౌకాదళపు గస్తీ ఓడలు హాల్‌బోలిన్ రేవులో కట్టేసి ఉన్నాయనీ, ఆ దళమే మధ్యధరా సముద్రంలో 17,500 మందికి పైగా వలసదారులను కాపాడిందని చదివి ఆశ్చర్యపోయారనీ రాశారు. ఎనిమిది ఓడలు మాత్రమే ఉన్న దళం అంత దూరం వెళ్ళి అంత పని ఎలా చేసింది, అప్పుడు చేసినది ఇప్పుడు ఎందుకు చేయలేకపోతోంది అన్నది మీ ప్రశ్న.

నేను పరకాల దగ్గరి పల్లెలో పుట్టి, 1996లో భారత నౌకాదళంలో చేరి, ఇంజన్ గదిలో ఆర్టిఫిసర్‌గా, అంటే యంత్రాలను నడిపి బాగుచేసే పనివాడిగా 20 ఏళ్ళు పనిచేసి, 2016లో పదవీ విరమణ తరువాత హన్మకొండలో స్థిరపడ్డాను. ఐర్లాండ్ ఓడ ఏనాడూ ఎక్కలేదు. అయితే వాళ్ళు మధ్యధరాకు బయలుదేరిన 2015లోనే, యెమెన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడి భారతీయులను తరలించిన ఆపరేషన్ రాహత్‌లో నేనూ ఒక ఓడ మీద ఉన్నాను. యుద్ధనౌకలో వందల మంది సామాన్యులను ఎక్కించుకుంటే లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూసినవాడిగా మీకు జవాబు రాస్తున్నాను.

ముందుగా ఐర్లాండ్ ఏం చేసిందో చెప్పాలి. 2015 ఏప్రిల్‌లో లిబియా తీరానికి ఆవల ఒకే పడవ మునిగి సుమారు 800 మంది చనిపోయిన తరువాత, ఇటలీతో నేరుగా ఒప్పందం చేసుకొని ఐర్లాండ్ మే నెలలో ‘ఎథ్నా’ అనే ఓడను పంపింది. అది తిరిగి వచ్చే వేళకు ‘నీవ్’, దాని తరువాత ‘శామ్యూల్ బెకెట్’ వెళ్ళాయి. ఆ ఒక్క ఏడాదిలోనే ఈ మూడూ కలిసి 8,500 మందికి పైగా కాపాడాయి. ఇక్కడ గమనించవలసినది, మూడు ఓడలు ఒకేసారి వెళ్ళలేదు; అక్కడ ఏ రోజు చూసినా ఒక్కటే ఉంది. చిన్న నౌకాదళం సామర్థ్యానికి ఇదే మొదటి కొలత. దూరసముద్రంలో ఒక ఓడను నెలల తరబడి నిలపాలంటే మూడు ఓడలు కావాలి: ఒకటి పనిలో ఉంటే, ఒకటి అక్కడికి వెళ్ళడానికి తయారవుతూ సిబ్బందికి శిక్షణ ఇస్తూ ఉండాలి, మరొకటి వచ్చి మరమ్మతులో ఉండాలి. కార్క్ నుంచి సిసిలీకి సుమారు 2,000 నాటికల్ మైళ్ళు. గస్తీ వేగంతో పోతే దాదాపు వారం ప్రయాణం. రాను పోను రెండు వారాలు ఎవరినీ కాపాడకుండానే గడిచిపోతాయి.

అయినా ఆ ఓడలు ఆ పనికి సరిపోయాయంటే, అందుకు కారణం అక్కడి నావికుల రోజువారీ పనిలోనే ఉందని నా అభిప్రాయం. ఐర్లాండ్ నౌకాదళం ప్రధానంగా అట్లాంటిక్‌లో చేపల వేటను తనిఖీ చేసే దళం. పెద్ద అలల్లో ఓడను నిలిపి, చిన్న రబ్బరు పడవను దించి, ఊగుతున్న మరో పడవ పక్కకు చేరి, అందులోకి మనుషులను ఎక్కించి దించడం వాళ్ళకు నిత్యకృత్యం. క్షిపణులున్న పెద్ద యుద్ధనౌకలో ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు ఒక జట్టు ఉంటే ఎక్కువ; అటువంటి గస్తీ ఓడలో సగం మందికి అది అలవాటైన పని. వలసదారుల పడవ దగ్గరకు వెళ్ళడంలోని నేర్పంతా అందులోనే ఉంది.

ఇది చెప్పేటప్పుడు నాకు మా ఊరి మోటబావి గుర్తుకు వస్తుంది. వీపుకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకున్న పిల్లలందరికీ పెద్దలు మొదట చెప్పిన మాట, మునుగుతున్నవాడికి ఎదురుగా పోవద్దు, వెనుక నుంచి జుట్టు పట్టుకొని లాగాలి అని. ఎదురుగా పోతే వాడు మెడకు చుట్టుకొని ఇద్దరినీ ముంచుతాడు. వందల మందితో కిక్కిరిసిన పడవ కూడా అటువంటిదే. రక్షకులు ఒక పక్కనుంచి వస్తే జనమంతా ఆ పక్కకే జరుగుతారు, పడవ బోల్తా పడుతుంది. 2015 ఆగస్టు 5న ‘నీవ్’ ఎదుట జరిగింది అదే. దాని రబ్బరు పడవలు సమీపిస్తున్న సమయంలో వందల మంది ఉన్న చేపల పడవ తలకిందులైంది. ‘నీవ్’ 367 మందిని ప్రాణాలతో, 25 మృతదేహాలతో పలెర్మో రేవుకు చేర్చింది. మరెందరో నీటిలోనే పోయారు. అందుకే ముందు కొంచెం దూరం నుంచే మాట్లాడి జనాన్ని కూర్చోబెడతారు, లైఫ్ జాకెట్లు అందరికీ పంచుతారు, ఆ తరువాతే ఒక్కొక్కరిని తీసుకుంటారు. పడవ అడుగున కూర్చున్న ఆడవాళ్ళకు, చిన్నపిల్లలకు కారిన పెట్రోలూ ఉప్పునీరూ కలిసి చర్మం కాలిపోయి ఉంటుంది కాబట్టి, ఓడ ఎక్కగానే తడిబట్టలు మార్పించి మంచినీటితో కడగవలసి ఉంటుంది.

మంచినీటితో కడగడం అన్నాను. ఓడలో అది చిన్న మాట కాదు. యెమెన్ నుంచి జిబూతీకి జనాన్ని చేరవేసిన రాత్రి నా కాపలా ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాల దగ్గర. మా సిబ్బందికి సరిపడేలా కట్టిన ఓడలో ఒక్కసారిగా వందల మంది చేరారు. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరే అనుకున్నా, 400 మందికి 1,200 లీటర్లు; వంటకు, మరుగుదొడ్లకు, పసిపిల్లలను కడగడానికి అయ్యేది వేరు. అర్ధరాత్రి దాటాక యంత్రాల్లో ఒకటి వేడెక్కి ఆగిపోయింది. నేనూ ఇంకొక కుర్రవాడూ దాన్ని విప్పుకొని కూర్చున్నాం, పై డెక్కుల్లో స్నానపు గదుల నీటిని కట్టేయమని నేనే చెప్పవలసి వచ్చింది. కాసేపటికి పనిముట్టు కోసం పైకి వెళితే మెట్ల దగ్గర ఒకాయన నా మాట విని, “అన్నా, నువ్వు మనోడివేనా? మాది జగిత్యాల దిక్కు. పొల్లగానికి కాళ్ళు కడుగుదామంటే నీళ్ళొస్తలేవు” అన్నాడు. నీళ్ళు ఆపించింది నేనేనని ఆయనకు తెలియదు. నా వాటా సీసా ఇచ్చి కిందికి దిగిపోయాను. యంత్రం తెల్లవారక ముందే నడిచింది. మాది ఒక రాత్రి ప్రయాణం కాబట్టి గట్టెక్కాం. లిబియా ముంగిటి నుంచి సిసిలీ చేరడానికి ఐర్లాండ్ ఓడలకు ఒక రోజుకు పైగా, ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. ‘బెకెట్’ తరగతి ఓడలో సిబ్బందే 44 మంది. ఆ 44 మందికి లెక్కగట్టిన వంటగది, నీరు, మరుగుదొడ్లు, ఒక చిన్న వైద్యపు గది మీద నాలుగైదు వందల మంది ఆధారపడితే పరిస్థితి ఎట్లా ఉంటుందో ఊహించండి. వాళ్ళను ఉంచేది కూడా వెనుక డెక్కు మీద, టార్పాలిన్ల నీడన. అంత బరువు పైభాగాన చేరితే ఓడ ఊగే తీరు మారుతుంది, గాలి లేస్తే మళ్ళీ అదొక దిగులు.

మా పని, వాళ్ళ పని ఒకటే అని మాత్రం అనుకోవద్దు. మా ప్రయాణికులు పాస్‌పోర్టులతో, పేర్ల జాబితాతో, రేవు గట్టు నుంచి, లేదా గట్టు నుంచి వచ్చిన పడవల నుంచి ఎక్కారు. వాళ్ళను దించుకోవడానికి జిబూతీ సిద్ధంగా ఉంది, అక్కడి నుంచి ఇంటికి చేర్చడానికి వైమానిక దళపు విమానాలు ఉన్నాయి. ఆ ఏడాది 105 మీటర్ల గస్తీ నౌక ఐఎన్ఎస్ సుమిత్ర ఒక్కటే మొదటి విడతలో ఏడెన్ నుంచి 349 మందిని తీసుకురాగలిగిందంటే, అది సముద్రపు దొంగల మీద గస్తీకి ముందే ఆ అఖాతంలో ఉండటం, దించే రేవు ఒక రాత్రి దూరంలో ఉండటం కారణాలు. మధ్యధరాలో వలసదారులను దించే రేవు ఏదో అప్పట్లో ప్రతిసారీ రోమ్‌లోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం చెప్పవలసి ఉండేది. సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటం అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ఏ ఓడకైనా బాధ్యతే. కాపాడినవారిని సురక్షితంగా దించే చోటు తన చేతిలో లేకపోతే, ఓడ ఎంత మంచిదైనా నిండిన కుండలా సముద్రం మీద నిలబడిపోతుంది. ఐర్లాండ్ 2017 చివరలో చేరిన, మనుషులను దొంగచాటుగా చేరవేసే ముఠాలను అడ్డుకోవడానికి యూరోపియన్ యూనియన్ నడిపిన ‘సోఫియా’ ఆపరేషన్ నుంచి 2019లో ఓడలనే ఉపసంహరించుకొని విమానాలు మాత్రమే మిగిల్చారు. దించే రేవుల మీద దేశాల మధ్య ఒప్పందం కుదరకపోవడమే దానికి మూలం. అందువల్ల చిన్న దేశపు సామర్థ్యంలో కొంత భాగం ఎప్పుడూ ఇతర దేశాల రేవుల్లోనే ఉంటుందని నేను అంటాను.

ఇక ఫోటోలోని ఓడల సంగతి. ఐర్లాండ్ నౌకాదళానికి అనుమతించిన సంఖ్య 1,094 మంది. 2023 నాటికి ఉన్నది 800 లోపే. 2019లోనే సిబ్బంది చాలక రెండు ఓడలను కట్టేశారు, వాటిలో ‘ఎథ్నా’ ఒకటి. 2022లో అది, దానితో పాటు మరో రెండు పాత ఓడలు సేవ నుంచి తొలగిపోయాయి. 2023 మొదట్లో ఇంకో రెండింటిని పక్కన పెట్టారు. ఈ రెండూ పాడైపోయి కాదు, నడిపేవారు లేక. అందులోనూ ఇంజన్, విద్యుత్ పనివాళ్ళ కొరత ఎక్కువని చదివినప్పుడు నాకు కష్టమనిపించింది, ఎందుకంటే అది నా వృత్తి. నావికుణ్ణి కొన్ని నెలల్లో తయారు చేయవచ్చు. ఇంజన్ గదిలో రాత్రి ఒంటరిగా కాపలా ఉండి, శబ్దం విని ఏ భాగం చెడుతోందో చెప్పగలిగే ఆర్టిఫిసర్ తయారు కావడానికి, నా సంగతే చెబుతాను, ఆరేళ్ళు పట్టింది. అటువంటివాడు ఒడ్డున ఉన్న ఔషధ కంపెనీలో రెట్టింపు జీతానికి వెళ్ళిపోతే, ఆ ఆరేళ్ళను ఏ ప్రభుత్వమూ ఒక బడ్జెట్‌లో కొనలేదు. ఇద్దరు ఆర్టిఫిసర్లు తక్కువైతే నూరు కోట్ల ఓడ అయినా తాడు విప్పదు.

మధ్యధరా ప్రయాణాల వల్లే ఈ కొరత వచ్చిందని కొందరు అంటారు. నేను అంగీకరించను. జీతభత్యాలు, ఇంటికి దూరంగా గడిపే నెలలు, ఒడ్డున దొరికే మెరుగైన ఉద్యోగాలు అంతకు ముందు నుంచే ఉన్న కారణాలు. ఆ ప్రయాణాల గురించి అక్కడి నావికులు గర్వంగా మాట్లాడటమే నేను చదివాను. అయితే వాటి భారం మనసు మీద పడదని కూడా అనను. ఒకసారి తుపాను తరువాత బంగాళాఖాతంలో మా ఓడ ఒక జాలరి మృతదేహాన్ని తీసుకుంది. గస్తీ ఓడల్లో శవాలను ఉంచడానికి ప్రత్యేకమైన గది ఉండదు. కూరగాయలు పెట్టే చల్లని గదిని ఖాళీ చేశాం. ఆ పని చేసిన 19 ఏళ్ళ కుర్రవాడు రేవు చేరే వరకు ముద్ద ముట్టలేదు. ఒక్క దేహానికే అట్లా ఉంటే, 25 దేహాలతో ఒక రాత్రి గడిపిన ‘నీవ్’ సిబ్బందిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. వాళ్ళను వెంటనే మరో విడతకు పంపకూడదు, మాట్లాడటానికి మనిషి కావాలి, ఇంటి దగ్గర కొన్ని వారాలు ఉండనివ్వాలి. సామర్థ్యం లెక్కగట్టేవారు ఈ విరామాన్ని కూడా ఇంధనం లాగే లెక్కలో వేసుకోవాలి.

కాబట్టి మీ ప్రశ్నకు నా అంచనా చెబుతాను. నౌకాదళంలో ఎనిమిది ఓడలూ, వాటికి సరిపడే మనుషులూ ఉన్నప్పుడు ఐర్లాండ్ వేసవి నుంచి శీతాకాలం వరకు ఒక ఓడను మధ్యధరాలో నిలపగలిగింది. ఆ కాలంలో స్వదేశంలో, నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రం మీద గస్తీ ఒక ఓడ మేరకు తగ్గింది, దాన్ని వాళ్ళు భరించారు. సగం ఓడలు రేవులో ఉన్న స్థితిలో కొన్ని వారాలకు ఒక ఓడను పంపగలరు, 2023 వేసవిలో ‘విలియం బట్లర్ యేట్స్’ను మధ్యధరాలో వేరే పని మీద అట్లాగే పంపారు, దాని వెనుక వెళ్ళడానికి రెండో ఓడ, మూడో ఓడ సిద్ధంగా లేకపోతే 2015 నాటి పని మళ్ళీ సాధ్యం కాదు. న్యూజీలాండ్ నుంచి కొని తెచ్చుకున్న రెండు చిన్న ఓడలు తక్కువ మందితో నడుస్తాయి గాని, అవి తీరానికి దగ్గరగా తిరిగేవి. వందల మందిని ఎక్కించుకొని రెండు రోజులు ప్రయాణించడానికి పనికిరావు. మీ అన్నయ్యకు వీలైతే, రేవులో ఎన్ని ఓడలు కట్టి ఉన్నాయని కాకుండా, ఈ ఏడాది ఎంతమంది ఆర్టిఫిసర్లు చేరారు, ఎంతమంది వెళ్ళిపోయారు అని అక్కడి వార్తల్లో చూసి చెప్పమనండి. ఆ రెండు సంఖ్యలు దొరికితే, మళ్ళీ ఎప్పుడు వెళ్ళగలరో నేను ఇంతకంటే కచ్చితంగా చెప్పగలుగుతాను.